మన పిల్లల ఉద్యోగాలు నిలవాలంటే

(మండల సమాఖ్య 2023-24 వార్షిక మహాజన సభలో పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు, బ్యాంకు లింకేజి, స్త్రీనిధి, వసూళ్ళ లెక్కలన్నీ ఈ నివేదిక ముందు పేజీల్లో అచ్చయ్యాయి. వాటిని మళ్ళీ చదివి మీ పొద్దు గడపదలచుకోలేదు. ఈ ఏడాది మేము ఊరూరా గ్రామ సమాఖ్య మీటింగులకు తిరిగినప్పుడు ఒక మాట పదే పదే విన్నాం. "మా అమ్మాయి ఉద్యోగం మానేసిందండీ." కొన్ని చోట్ల "మా కోడలు మానేసింది" అన్నారు. అప్పు కంతు ఎందుకు ఆగిందని అడిగితే కూడా ఇదే జవాబు వచ్చింది. ఈ రోజు ఆ ఒక్క మాట గురించే మాట్లాడుకుందాం.

ఎవరి గురించి చెబుతున్నాం

మన మండలం నుంచి తెల్లవారకముందే కంపెనీ బస్సులు బయలుదేరుతున్నాయి. అచ్యుతాపురం వైపు బట్టల కంపెనీలకు కొందరు, పరవాడ వైపు మందుల కంపెనీల్లో ప్యాకింగుకు కొందరు పోతున్నారు. అనకాపల్లిలో, గాజువాకలో షాపుల్లో, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళున్నారు. బీటెక్ చదివి విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లలూ ఉన్నారు. అందరూ పద్దెనిమిది నుంచి ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళే. వీళ్ళలో చాలామంది చదువు మన సంఘం అప్పుతో నడిచింది. ఇంటర్ ఫీజుకో, డిగ్రీ పుస్తకాలకో, నర్సింగు సీటుకో మనం అంతర్గత అప్పు తీసుకుని నెలనెలా కట్టుకుంటూ వచ్చాం.

అంటే ఆ ఉద్యోగాల్లో మన పొదుపు ఉంది. గేదె కొంటే దానికి జబ్బు చేసిందా, పాలు తగ్గాయా అని రోజూ చూసుకుంటాం. కూతురి ఉద్యోగం ఎందుకు పోయిందో కూడా అంత శ్రద్ధగా చూడాలి కదా.

ఎందుకు మానేసిందని అడిగితే రకరకాల జవాబులు వచ్చాయి. పెళ్ళి కుదిరింది. కడుపుతో ఉంది. బిడ్డను చూసేవాళ్ళు లేరు. షిఫ్టు మార్చారు. అత్తగారికి బాగోలేదు. ఆయనకి ఇష్టం లేదు. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే కుట్టు రాకనో, లెక్క రాకనో మానేసిన పిల్లలు తక్కువే. పని చేతనయి, జీతం వస్తూ, ఇల్లూ ఉద్యోగమూ రెండూ లాగలేక మానేసినవాళ్ళే ఎక్కువ. పేపర్లలో, టీవీల్లో దీన్ని వర్క్ లైఫ్ బ్యాలెన్స్ అంటున్నారు. మన భాషలో చెప్పాలంటే పనికీ బతుకుకీ తూకం. తక్కెడలో ఒక పళ్ళెంలోనే అన్నీ వేస్తే తూకం ఎలా నిలుస్తుంది?

ఇరవై నాలుగు చింతపిక్కలు

గ్రామ ప్రణాళిక వేసేటప్పుడు నేల మీద ముగ్గు గీసి చింతపిక్కలతో లెక్క వేయడం మనకు అలవాటే. ఈ ఏడాది కొన్ని గ్రామ సమాఖ్యల్లో ఆ పద్ధతిలోనే ఒక పని చేయించాం. ఉద్యోగానికి వెళ్ళే అమ్మాయి చేతికి ఇరవై నాలుగు పిక్కలు ఇచ్చాం. ఒక్కో పిక్క ఒక్కో గంట. "నిన్నటి రోజు ఎలా గడిచిందో పేర్చమ్మా" అన్నాం.

ఉదయం ఆరు గంటల షిఫ్టుకు వెళ్ళే ఒక కోడలు పేర్చిన లెక్క చెబుతాం. తెల్లవారుజామున మూడున్నరకు లేచింది. గంటలో అన్నం, కూర వండి, క్యారేజీలు కట్టింది. నాలుగున్నరకు బస్సు ఎక్కింది. ఆరు నుంచి రెండు దాకా డ్యూటీ. మధ్యాహ్నం మూడున్నరకు ఇంటికి చేరింది. ఇంటి బయట పదకొండు గంటలు గడిచాయి. వచ్చాక నీళ్ళు, బట్టలు, అంట్లు, పిల్ల, రాత్రి వంట, మళ్ళీ అంట్లు. పొద్దున్న గంటతో కలిపి ఇంటి పనికి ఆరు గంటలు. రాత్రి పదికి పడుకుని మూడున్నరకు లేస్తే నిద్ర ఐదున్నర గంటలు. చేతిలో మిగిలింది ఒకటిన్నర పిక్క. ఆమె స్నానం, తిండి, తల దువ్వుకోవడం, పుట్టింటికి ఫోను అన్నీ ఆ గంటన్నరలోనే.

ఆమె భర్తదీ అలాంటి షిఫ్టే. అతని పిక్కలు కూడా ఆమే పేర్చింది. ఇంటి బయట పదకొండు, నిద్ర ఏడు. ఇంటి పని గళ్ళో ఒక్క పిక్క కూడా పెట్టలేదు. మిగిలినవి ఆరు. పక్కన కూర్చున్న అత్తగారు కాసేపు ఆ ఆరు పిక్కలనూ చూసి, "ఏటమ్మా, మావాడి దగ్గర ఇన్ని మిగిలిపోయాయేటి?" అన్నారు. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఇది ఒక ఇంటి కథ కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వ గణాంకాల సంస్థ దేశమంతా కాల వినియోగ సర్వే చేసింది. ఆ సర్వే ప్రకారం వందమంది ఆడవాళ్ళలో 81 మంది ఏ రోజైనా జీతం లేని ఇంటి పని చేస్తున్నారు. మగవాళ్ళలో అలా చేసేది 26 మంది. చేసేవాళ్ళను మాత్రమే లెక్కలోకి తీసుకున్నా ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు పనిచేస్తున్నారు. 299 నిమిషాలంటే ఐదు గంటలు. పిల్లల్ని, ముసలివాళ్ళను చూసుకునే సమయం ఈ ఐదు గంటల్లో లేదు. దాన్ని విడిగా లెక్కగట్టారు.

మన సంఘాల్లో పుస్తకంలో రాయని అప్పు ఉండకూడదని నియమం. ఇంటి పని మాత్రం ఏ పుస్తకంలోనూ రాయని పద్దు. రాయలేదు కాబట్టి అది ఎంతో ఎవరికీ కనబడదు. ఆ అమ్మాయి ఒక రోజు కూలబడి "ఇక నా వల్ల కాదు" అన్నప్పుడు మాత్రం అందరికీ ఆశ్చర్యం.

పై మెట్టు దగ్గర ఆగిపోతున్నారు

మానేసినవాళ్ళ సంగతి కొంత చూశాం. మానకుండా ఉన్నవాళ్ళ సంగతీ చూడాలి. ఐదేళ్ళు, ఆరేళ్ళు పనిచేసి చేరినచోటే ఉన్న పిల్లలు చాలామంది ఉన్నారు.

కుట్టు కంపెనీలో మెట్లు ఉంటాయి. మొదట హెల్పరు. తర్వాత ఆపరేటరు. ఒక్క మిషను వచ్చిన ఆపరేటరు కంటే మామూలు కుట్టు, ఓవర్‌లాక్, ఫ్లాట్‌లాక్ మూడూ వచ్చిన ఆపరేటరుకు గిరాకీ ఎక్కువ. ఆ పైన క్వాలిటీ చెకింగు, లైన్ సూపర్‌వైజరు. సూపర్‌వైజరు కావాలంటే కుట్టు వస్తే చాలదు. టార్గెట్ లెక్క వేయాలి, రిపోర్టు రాయాలి, కంప్యూటర్ కొంచెం తెలియాలి, పదిమందితో మాట్లాడగలగాలి. అవి నేర్చుకునేది షిఫ్టు అయ్యాక గంటో, రెండు గంటలో ఆగినప్పుడు.

ఇక్కడే మన పిల్లలు ఆగిపోతున్నారు. షిఫ్టు అయ్యాక ఆగితే ఊరి బస్సు పోతుంది. తర్వాతి బస్సుకు వస్తే ఊళ్ళో ఒక మాట, ఇంట్లో ఒక మాట. "ఇంత రాత్రిదాకా ఏం ట్రైనింగు?" అని అడుగుతారు. పొయ్యి మీద అన్నం ఉండదు. పిల్ల ఏడుస్తూ ఉంటుంది. సూపర్‌వైజరు పోస్టు ఇస్తామని పిలిస్తే "నాకు వద్దు సార్" అని చెప్పి వచ్చిన పిల్ల ఒకతె మన సంఘం సభ్యురాలి కూతురే. ఎందుకు వద్దన్నావమ్మా అని అడిగాం. "జీతం పెరుగుతుందండీ, కానీ నాకు ఇంటికాడ టైము పెరగదు కదా" అంది. ఇంతకంటే బాగా మేము చెప్పలేం.

ఆ పోస్టుకు తర్వాత ఒక మగపిల్లాడు వెళ్ళాడు. అతని మీద మనకేం కోపం లేదు. అతను ఇంటికి ఎనిమిదింటికి వచ్చినా కంచంలో అన్నం ఉంటుంది. ఆ అన్నం ఎవరో ఒక ఆడమనిషి వండి ఉంచుతుంది. అతని ప్రమోషన్‌లో ఆమె చాకిరీ ఉంది. మన అమ్మాయి ప్రమోషన్‌కు అలా వెనక నిలబడేవాళ్ళు ఎవరూ లేరు.

కంప్యూటర్ ఉద్యోగాల పిల్లలకు ఇంకో రకం కష్టం. ఇంటి నుంచి పని అన్నారు, బాగానే ఉందనుకున్నాం. అమ్మాయి ఇంట్లోనే కనిపిస్తోంది కాబట్టి చుట్టాలొస్తే టీ పెట్టమంటారు, చంటిదాన్ని ఎత్తుకోమంటారు. ఆఫీసువాళ్ళు రాత్రి పదింటికి కాల్ పెడతారు. ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది కానీ ఆ పిల్లకు పని ఎక్కడ మొదలయిందో ఎక్కడ ముగిసిందో తెలియదు. తలుపు వేసుకుని కూర్చుంటే డ్యూటీలో ఉన్నట్టే అని ఇంట్లో అందరూ అనుకుంటే ఆ పిల్లకు సగం భారం తగ్గుతుంది.

కంపెనీ చేయవలసింది, చట్టం చెప్పేది

తప్పంతా ఇంటిదేనని చెప్పడం మా ఉద్దేశం కాదు. కంపెనీలు చట్టప్రకారం ఇవ్వవలసినవి ఉన్నాయి. అవి దయ కాదు, హక్కు. సెజ్‌లో ఉన్న కంపెనీకైనా ఇవి వర్తిస్తాయి. మీ పిల్లలకు చదివి వినిపించడానికి వీలుగా ముఖ్యమైనవి చెబుతాం.

2023-24 నాటికి ఫ్యాక్టరీల చట్టం 1948 ప్రకారం వారానికి 48 గంటలు, రోజుకు 9 గంటలు మించి మామూలు పని ఉండకూడదని ఉండేది. మించితే ఓవర్‌టైముకు రెట్టింపు రేటు కట్టాలి. ఐదు గంటలు ఏకధాటిగా చేశాక కనీసం అరగంట విరామం ఇవ్వాలని ఉండేది. వారానికి ఒక సెలవు ఉండాలి. ఆ చట్టం కింద ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాళ్ళకు ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో సెలవు జమ అయ్యేది. ఆ జమ సంగతి తెలియక జ్వరం వచ్చినప్పుడు జీతం కోత పెట్టించుకుంటున్న పిల్లలున్నారు.

ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961లో వచ్చింది. 2017లో దాన్ని సవరించి మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో కూడిన సెలవును 26 వారాలు చేశారు. అందులో 8 వారాల దాకా కాన్పుకు ముందే తీసుకోవచ్చు. కాన్పు తేదీకి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. ఆ సెలవులో ఉండగా ఉద్యోగంలోంచి తీసేయకూడదు. తిరిగి చేరాక బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇవ్వాలి. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల సంరక్షణ గది ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చు. ఈ ప్రయోజనాలన్నీ ఉద్యోగంలో చేరిన రోజే రాతపూర్వకంగా తెలియజేయాలని కూడా చట్టంలో ఉంది.

జీతం నెలకు 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్ఐ కోత పడుతున్నవాళ్ళకు ఈ ప్రసూతి డబ్బు ఈఎస్ఐ నుంచి వస్తుంది. దానికి ముందటి రెండు చందా కాలాల్లో కలిపి కనీసం 70 రోజుల చందా కట్టి ఉండాలి. కాంట్రాక్టరు కింద పనిచేసినా ఈఎస్ఐ, పీఎఫ్ ఉంటాయి. కాంట్రాక్టరు కట్టకపోతే అసలు కంపెనీదే బాధ్యత.

"కడుపుతో ఉంది కాబట్టి మానేసింది" అని మనం సులువుగా అనేస్తున్నాం. మానేస్తే ఆ 26 వారాల జీతం పోతుంది. తిరిగి వెళ్ళేటప్పుడు కొత్త మనిషిలా హెల్పరు జీతం దగ్గర మొదలుపెట్టాలి. మానకుండా సెలవు పెడితే ఉద్యోగం ఉంటుంది, జీతమూ ఉంటుంది. రాజీనామా కాగితం మీద సంతకం పెట్టేముందు సెలవు కాగితం అడగమని మీ పిల్లలకు చెప్పండి.

ఇంకొక్క మాట. అమ్మాయి ఉన్నట్టుండి "నేను ఇక వెళ్ళను" అంటే సంతోషపడకండి, తిట్టకండి. పక్కన కూర్చోబెట్టుకుని ఎందుకో అడగండి. పైవాడి మాట, చూపు, చెయ్యి భరించలేక, ఇంట్లో చెబితే ఉద్యోగమే మాన్పిస్తారని చెప్పకుండా ఉండేవాళ్ళున్నారు. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. 181 నంబరుకు ఫోను చేయవచ్చు. తప్పు చేసినవాడు ఉద్యోగంలో ఉండి, మన పిల్ల ఇంట్లో కూర్చోవడం న్యాయం కాదు.

పెళ్ళి ఖర్చుకు పీఎఫ్ ఖాళీ చేయకండి

పెళ్ళి కుదరగానే చాలా ఇళ్ళల్లో జరిగేది ఇది. అమ్మాయి ఉద్యోగం మానేస్తుంది, పీఎఫ్ మొత్తం తీసేస్తారు, అది పెళ్ళి పందిరికీ భోజనాలకూ పోతుంది. మనం లెక్కలు తెలిసినవాళ్ళం, ఒకసారి లెక్క వేద్దాం.

బేసిక్, డీఏ కలిపి నెలకు 12,000 రూపాయలు అనుకుందాం. అందులో 12 శాతం, అంటే 1,440 రూపాయలు అమ్మాయి జీతంలోంచి కోస్తారు. కంపెనీ కూడా 1,440 వేస్తుంది. కంపెనీ వాటాలో సుమారు 1,000 రూపాయలు పెన్షను ఖాతాకు, మిగతా 440 పీఎఫ్ ఖాతాకు వెళ్తాయి. అంటే పీఎఫ్‌లో నెలకు 1,880 రూపాయలు, ఏడాదికి 22,560. ఐదేళ్ళకు వడ్డీ కలపకుండానే 1,12,800 రూపాయలు. మన సంఘంలో ఇంత పొదుపు చేయడానికి ఎన్నేళ్ళు పడుతుందో మీకే తెలుసు.

ఆ పెన్షను ఖాతా ఇంకా ముఖ్యం. మొత్తం సర్వీసు పదేళ్ళు నిండితేనే 58 ఏళ్ళ వయసులో నెలనెలా పెన్షను వస్తుంది. ఐదేళ్ళకు అన్నీ తీసేసుకుంటే ఆ ఐదేళ్ళ సర్వీసు చెరిగిపోతుంది. తీయకుండా ఉంచి, రెండేళ్ళ తర్వాత వేరే ఊళ్ళో వేరే కంపెనీలో చేరినా అదే యూఏఎన్ నంబరు ఇస్తే పాత సర్వీసు కలుస్తుంది. ఆ నంబరు మనిషికి ఒక్కటే, జీవితాంతం అదే. పుస్తెల తాడు ఎంత భద్రంగా దాస్తామో ఆ నంబరునూ అంత భద్రంగా రాసి పెట్టుకోమనండి. దానికి కలిపిన ఫోను నంబరు అమ్మాయిదే ఉండాలి. నాన్నదో అన్నదో కాదు.

పెళ్ళికి డబ్బు చాలకపోతే మనం సంఘంలో మాట్లాడుకుందాం. మనం పెట్టుకున్నది అందుకే. అమ్మాయి ముసలితనపు కూడు ఇప్పుడే తినేయకూడదు.

అత్త ఒక్కతే ఎంతని చేస్తుంది

ఇంతవరకు విన్న పెద్దవాళ్ళ మనసులో ఒక ప్రశ్న ఉంటుంది. మీటింగుల్లో సూటిగానే అడిగారు. "కోడలు ఉద్యోగానికి పోతే ఇంటి పనంతా మేమే చెయ్యాలా? మా మోకాళ్ళు చూశారా?" న్యాయమైన ప్రశ్న. మన సభ్యుల్లో ఎక్కువమంది ఇప్పుడు అత్తలు, అమ్మమ్మలు. వాళ్ళూ ఖాళీగా లేరు. జీడిపిక్కల పని, ఉపాధి హామీ పని, పాలు, కూలి ఉన్నాయి. కోడలి నెత్తి మీద బరువు దించి అత్త నెత్తి మీద పెడితే అది తూకం కాదు, చేతులు మారడమే.

అందుకే ఆ ఆరు పిక్కల దగ్గరకే మళ్ళీ వెళ్ళాలి. కొడుకు తన బట్టలు తను ఉతుక్కోవాలి. నీళ్ళు పట్టాలి. అంట్లు తోమితే చేతులు అరిగిపోవు. పిల్లను బడికి తయారుచేయడం, సాయంత్రం దగ్గర కూర్చోబెట్టి చదివించడం తండ్రి పని కూడా. ఈ మాట కోడలు చెబితే గొడవ అవుతుంది. అత్త చెబితే కొడుకు వింటాడు. ఆ ఇంట్లో ఆ మాట చెప్పగలిగినది తల్లి ఒక్కతే. చింతపిక్కలు చూసిన ఆ అత్తగారు ఇంటికి వెళ్ళి, "రేపట్నుంచి నీళ్ళూ బట్టలూ నీవేరా" అన్నారట. మొదటి వారం కొడుకు తలుపు వేసుకుని బట్టలు ఉతికాడట, వీధిలో వాళ్ళు చూస్తారని. ఇప్పుడు తలుపు తీసే ఉంటోంది.

బిడ్డల సంగతి ఇంటివాళ్ళ వల్ల మాత్రమే అయ్యేది కాదు. ఉపాధి హామీ పనిచోట చిన్న పిల్లలు ఐదుగురు ఉంటే వాళ్ళను చూడటానికి ఒక ఆడమనిషిని పెట్టాలని నియమం ఉన్న సంగతి మీకు తెలుసు. మట్టి పనికే ఆ ఏర్పాటు ఉన్నప్పుడు షిఫ్టు పనికి ఎందుకు ఉండకూడదు? అంగన్‌వాడీ సాయంత్రానికి మూసేస్తారు, తెల్లవారుజామున తెరవరు. అంగన్‌వాడీతో కలిపి పిల్లల సంరక్షణ కేంద్రం నడిపే వీలు మిషన్ శక్తిలోని పాల్నా పథకంలో ఉంది. అడిగేవాళ్ళు ఉంటేనే అలాంటివి ఊరిదాకా వస్తాయి. అడగడం మనకు కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం ముందు నిలబడ్డారు. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమం వెంటే అక్కడ రూపాయి రూపాయి పొదుపు మొదలయింది. ఒక ఊళ్ళో అడిగిన మాట ఎంత దూరం పోతుందో మన సంఘాల చరిత్రే చెబుతుంది.

మన చేతిలో ఉన్నవి

ఎవరో వచ్చి చేసేదాకా ఆగనక్కర లేనివి ఐదు ఉన్నాయి. మన పంచసూత్రాల్లాగే గుర్తుంటాయి. ఈ సభ ముందు తీర్మానాలుగా పెడుతున్నాం.

ఒకటి. ప్రతి గ్రామ సమాఖ్యలో ఏడాదికి రెండుసార్లు చింతపిక్కల లెక్క వేయించాలి. కోడళ్ళతో, కూతుళ్ళతో, వీలైతే కొడుకులతో కూడా. లెక్క చూశాక ఇంట్లో ఏ పని ఎవరికి మారిందో తర్వాతి మీటింగులో చెప్పుకోవాలి.

రెండు. పెళ్ళి మాటలప్పుడే ఉద్యోగం మాట మాట్లాడాలి. పెట్టుపోతలు, ముహూర్తం, భోజనాలు అన్నీ మాట్లాడుకుంటాం. "అమ్మాయి ఉద్యోగం చేస్తుంది, పై మెట్టుకు వెళ్ళే అవకాశం వస్తే వెళ్తుంది, సమ్మతమేనా?" అని రెండు వైపుల పెద్దల ముందు అడగాలి. ఆడపిల్ల తరఫున అడగడానికి మొహమాటమైతే సంఘం లీడరు పక్కన కూర్చుని అడగాలి.

మూడు. ఉద్యోగం చేసే పిల్లల కోసం సంఘం మీటింగు వేళ మార్చాలి. పగటి పూట మీటింగుకు షిఫ్టు పిల్ల రాలేదు. గైర్హాజరు జరిమానా భయంతో చేరడమే మానేస్తోంది. ఆదివారం సాయంత్రం పెడితే ఈ పిల్లలతో కొత్త సంఘాలు కట్టవచ్చు. నెల జీతం వచ్చేవాళ్ళు పొదుపులో ఉంటే సమాఖ్యకూ బలమే. మన తర్వాత ఈ పుస్తకాలు పట్టుకునేది ఎవరో కూడా ఆలోచించాలి కదా.

నాలుగు. మన దగ్గర పనిచేసే చిన్నవాళ్ళతో మొదలుపెట్టాలి. వీవోఏలు కూడా యువ ఉద్యోగులే. పొద్దున్న ఆరింటికి ఫోను, రాత్రి పదింటికి ఫోను, ఆదివారం ఆన్‌లైన్ ఎంట్రీ. రాత్రి ఏడు దాటాక అత్యవసరమైతే తప్ప వాళ్ళకు ఫోను చేయకూడదు. కాన్పుకు వెళ్ళిన వీవోఏ పుస్తకాలను ఇంకొకరు చూడాలి, తిరిగి వచ్చాక ఆ పని ఆమెకే అప్పగించాలి. కంపెనీలను అడగబోయేవాళ్ళం ముందు మన గుమ్మంలో చేసి చూపిద్దాం.

ఐదు. షిఫ్టు వేళలకు సరిపోయే పిల్లల సంరక్షణ కేంద్రం కావాలని ప్రతి గ్రామ సమాఖ్య తీర్మానం రాసి మండల సమాఖ్యకు పంపాలి. ఏ ఊరి నుంచి ఎంతమంది తల్లులు, ఎన్నేళ్ళ పిల్లలు, ఏ షిఫ్టు అన్న వివరాలు రాయాలి. అన్నిటినీ కలిపి మేము జిల్లా సమాఖ్య ద్వారా అధికారులకు, కంపెనీలకు అందజేస్తాం. వచ్చే మహాజన సభలో ఏం జవాబు వచ్చిందో చదివి వినిపిస్తాం.

ఇవన్నీ చేసినా ప్రతి అమ్మాయీ సూపర్‌వైజరు కావాలనేం లేదు. బిడ్డ చిన్నదిగా ఉన్నప్పుడు రెండేళ్ళు ఇంట్లో ఉంటానంటే ఉండనివ్వండి. కుట్టు మిషను కొనుక్కుని సొంతంగా పని పెట్టుకుంటానంటే అప్పు ఇద్దాం. మేము కోరేది ఒక్కటే. ఉండాలో మానాలో, ఎక్కాలో ఆగాలో ఆ పిల్ల నిర్ణయించుకోవాలి. బస్సు టైమూ, పొయ్యీ, అంట్లూ ఆమె బదులు నిర్ణయించకూడదు.

మన తరం వేలిముద్ర దగ్గర నుంచి సంతకం దాకా వచ్చింది. ఆ సంతకం నేర్చుకోవడానికి రాత్రిళ్ళు లాంతరు కింద కూర్చున్నవాళ్ళు ఈ సభలో ఉన్నారు. మన పిల్లలు ఇప్పుడు సంతకం పెడుతున్నారు. అది రాజీనామా కాగితం మీద కాకుండా హాజరు పట్టీ మీద ఉండేలా చూసుకుందాం.

ఈ ఐదు తీర్మానాలనూ సభ ముందు ఉంచుతున్నాం. చర్చించి, మార్చవలసినవి మార్చి ఆమోదించమని కోరుతున్నాం.